పదిహేనుకు మించరాదు

మెడిసిన్ వార్డులో ఆరో నంబరు మంచం మీదున్న దర్జీ సింహాద్రి ఒళ్ళు ఆ నెల పదిహేడు రెఫరెన్సుల మీద నడుస్తోంది. వాటిలో రెండు ఎక్కువయ్యాయని శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకి వైద్యపత్రిక వారి నుంచి మెయిలొచ్చింది. కేసు రిపోర్టుకి పదిహేను రెఫరెన్సులకు మించరాదు. సవరించిన ప్రతిని సాయంత్రం ఐదింటిలోగా ఎక్కించాలి. లేకపోతే ఫైలు మూసేస్తారు. ఫైలు మూస్తే పదిహేడూ పోతాయి, పదిహేడూ పోతే మంచం ఖాళీ అవుతుంది. ఈ ఆఖరి ముక్క మెయిల్లో లేదు గానీ, ఆ పేపరు రాసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ హైమవతికి ఒకరు విడమర్చాల్సిన పని లేదు.

ఆ బోధనాసుపత్రిలో పద్ధతి మొదట్నుంచీ అదే. రోగి కేసు పత్రికకు పనికొస్తుందని తేలిన రోజున సెలైన్ స్టాండు తీసేసి, మంచం తలాపున రెఫరెన్సుల జాబితా తగిలిస్తారు. గుండెకొకటి, ఊపిరికొకటి, చూపుకొకటి, ఇలా ఒంట్లో జరిగే ప్రతి పనికీ ఇదివరకు ఎవరో ఎక్కడో అచ్చువేసిన ఆధారం ఒకటి ఉండాలి. ఆధారం ఉన్న పని జరుగుతుంది, లేనిది ఆగుతుంది. దీనికి రోగి బంధువులు ముందే సంతకాలు పెడతారు. కాగితం మీద ఆరుగురి పేర్లకే గీతలుంటాయి. ఏడో మనిషి దగ్గర్నుంచి అందరినీ కలిపి 'తదితరులు' అని రాసుకుంటారు. తదితరులకు వార్డులోకి ప్రవేశం లేదు. సింహాద్రికి బంధువులు పదకొండుమంది. సైకిల్ స్టాండు దగ్గర కూర్చున్న ఐదుగురు తదితరుల్లో అతన్ని కన్నతల్లి కూడా ఉంది. ఆవిడ మెల్లిగా నడుస్తుంది, సంతకాల వేళకి వరసలో ఏడో చోటుకి చేరింది.

వార్డు సిస్టర్ ఎస్తేరు రెండు పూటలా జ్వరం చూసి, నాడి చూసి, కామాలు చూసేది. సంవత్సరం తర్వాత సెమికోలన్, సంపుటి తర్వాత బ్రాకెట్లో సంచిక, ఆ తర్వాత కోలన్, ఆపైన పేజీలు. రెండో రెఫరెన్సు చివర ఫుల్‌స్టాప్ పడక సింహాద్రి మూడు రోజులు ఆగకుండా దగ్గాడు. మందు చుక్కలకి లొంగని దగ్గు ఎస్తేరు పెట్టిన సిరా చుక్కకి లొంగింది. పేజీల అంకెలు పూర్తిగా రాయకూడదు, కుదించి రాయాలన్నది ఇంకో నియమం. కుదించిన రోజున అతని ఊపిరి కూడా కాస్త కుదించుకుంది. అది నియమం ప్రకారం వచ్చిన ఆయాసం కాబట్టి దాన్ని కేసు షీటులో ఆయాసం కింద రాయలేదు.

నిజానికి సింహాద్రి ఆసుపత్రికి వచ్చింది ఎడమ అరికాలి మంటతో. నడిచే వచ్చాడు. మంటకి కారణం దొరకలేదు, కారణం దొరకలేదు గనక కేసు దొరికింది. మొదట వేరే పత్రికకి పంపితే, వారు అంకెలొద్దు, అక్షరక్రమంలో పెట్టమన్నారు. దాంతో పదకొండు రోజులు అతని ఒంట్లో అక్షరాలా అదే జరిగింది. ఆకలి ముందు, ఊపిరి తర్వాత, ఆపైన గుండె, చూపు, ఇంకా వెనక నిద్ర. అన్నం పెడితే గానీ ఊపిరాడేది కాదు, ఊపిరాడితే గానీ గుండె కదిలేది కాదు. ఆ పత్రిక తిప్పి పంపేసరికి ఈ పత్రిక కోసం, వ్యాసంలో ముందు ప్రస్తావనకొచ్చినదానికి ఒకటో నంబరన్న లెక్కన, మళ్ళీ అంకెలు వేశారు. గుండె ఒకటో నంబరుకి తిరిగొచ్చింది, ఇంట్లోవాళ్ళు కొబ్బరికాయ కొట్టారు.

మెయిలు చదివాక హైమవతి జాబితా ముందేసుకుంది. సోమవారం ఆవిడకి ఇంటర్వ్యూ. పదోన్నతికి రెండు పేపర్లు కావాలి, చేతిలో ఉన్నది ఒకటి. ఆ సంగతి తన మనసులో రెండో స్థానంలోనే ఉందని ఆవిడ నమ్మకం. ఏది ముందు గుర్తొస్తే దానికే ఒకటో నంబరన్న నియమాన్ని తనకి తాను వర్తింపజేసుకుని చూడలేదు.

ముందు ఎనిమిదో రెఫరెన్సు మీద కన్ను పడింది. అది ఆవిడ చదివి పెట్టింది కాదు. వేరొకరి పేపరు చివర్నుంచి ఎత్తి పెట్టింది. వాళ్ళు ఇంకొకరి దగ్గర ఎత్తారు, వాళ్ళు మరొకరి దగ్గర. నలభై ఏళ్ళుగా నిరాటంకంగా నడుస్తున్న ఎత్తిపోతల పథకం అది, అసలు వ్యాసం తెరిచి చూసినవాడు లేడు. ఆ మధ్యాహ్నం ఆవిడ తెరిచింది. అది గొర్రెల మీద రాసిన వ్యాసం. ఇరవై రోజులుగా సింహాద్రి మునగాకు, తమలపాకు, పక్క మంచం వాళ్ళు విస్తరి విప్పితే ఆ విస్తరాకు కూడా ఎందుకు నములుతున్నాడో అప్పటికి తెలిసింది. తెలిసీ లాభం లేకపోయింది. 'ఆకులు నమలాలనే కోరికతో అరికాలి మంట: ప్రపంచంలో తొలి నివేదిక' అన్నదే ఆ పేపరు పేరు. ఆవిడ పత్రం నిలవాలంటే అతను పత్రాలు నమలాల్సిందే. ఎనిమిది అలాగే ఉండాలి.

పది, పదకొండు పత్రిక తరఫున పేపరు పరీక్షించిన సమీక్షకుడు అడిగి పెట్టించినవి. సమీక్షకుడి పేరు రహస్యం. తప్పకుండా చేర్చమని ఆయన చెప్పిన రెండు వ్యాసాలూ ఒకే మనిషివి, అయినా రహస్యం రహస్యంగానే ఉంది. వాటికి చెయ్యి తగిలిస్తే ఫైలు మళ్ళీ ఆయన చేతికే వెళుతుంది.

ఇక మూడు, నాలుగు, ఐదు. అవి విభాగాధిపతి అచ్యుతరామం గారి పాత పేపర్లు. ఒకటి పాముకాటు మీద, ఒకటి పచ్చకామెర్ల మీద, ఒకటి పక్కటెముకల మీద. జాబితాలో వాటికెదురుగా అవయవం గడి ఖాళీ. ఈ మూడింట్లో రెండు తీస్తే సింహాద్రి మీద కత్తెర పడదు. ప్రొఫెసరు గారు ఏటా ఒక పేపరు రాయించి, దాన్నిండా తన పేరు వేయించుకుంటారని ఆసుపత్రంతా నవ్వుకునేదే. మూడు గంటలకి హైమవతి మెట్లెక్కి ఆయన గదికి వెళ్ళింది. సంబంధం లేనివి రెండు తీసేస్తానని, ఆయన అనుమతి కావాలని, గడువు రెండు గంటలే ఉందని చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. కోపం రాలేదు.

"మూడోది తొంభై ఎనిమిదిలో వేశానమ్మా. అప్పట్లో పన్నెండే ఇచ్చేవారు. చోటు చాలక ఒక ముసలావిడ కుడికన్ను తీసేశాను. ఆ పేపరు గురించి ఏడాదికోసారి ఎవరైనా ఎక్కడైనా చెబితే ఆవిడకి ఆ ఏడాదంతా కనిపిస్తుంది. చెప్పేదెవరు, నేను తప్ప?"

నాలుగోది ఒక బస్సు కండక్టరు గొంతట. పోయిన సంవత్సరం పత్రిక ఆలస్యమైతే రెండు నెలలు ఈల మీదే బండి నడిపించాడట. హైమవతి ఐదోదాని సంగతి అడిగింది.

"అది నా మోకాలు," అన్నారాయన. "ఒక ఏడాది కేసులు దొరక్క నామీద నేనే రాసుకున్నాను. మొన్నటిదాకా తీసేయనిద్దామనే అనుకున్నా. కానీ సోమవారం మీ ఇంటర్వ్యూ పై అంతస్తులో పెట్టారు. బోర్డులో నేనున్నాను. మెట్లెక్కాలి కదమ్మా."

ఆయన బెదిరించలేదు. నిజంగానే మెట్ల గురించి చెప్పారు. హైమవతికి అదే ఎక్కువ భయమేసింది. సంతకం పడని అనుమతి కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుని, పదిహేడింటి జాబితా అచ్చు తీసుకుని, మూడున్నరకి వార్డుకి వచ్చింది.

సింహాద్రి మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఆవిడ తెల్లకోటుకే బొత్తం కుడుతున్నాడు. పొద్దున రౌండ్లలో బొత్తం ఊడటం చూసి, విప్పి ఇమ్మని అతనే అడిగి తీసుకున్నాడు. పక్కన అతని భార్య పైడితల్లి మునగాకు దూసి పళ్ళెంలో పెడుతోంది. హైమవతి స్టూలు లాక్కుని కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. రెండు పోవాలి. ఇందులో ఆరు నీవి కావు, ముట్టుకోవడానికి వీల్లేదు. మిగతా పదకొండూ నీవే. గంటన్నరలో తేలాలి.

దర్జీకి కొలతల మాట కొత్త కాదు. అతను కోటు ఒళ్ళో పెట్టుకుని జాబితాని గుడ్డ తానులా రెండు చేతుల్తో చాపి పట్టుకున్నాడు.

"గుడ్డ సాలకపోతే ఏటి సేత్తామమ్మా? పొడుగు తగ్గిత్తాం, సేతులు పొట్టి సేత్తాం. మెడ మాత్తరం ఒగ్గీలేం," అన్నాడు. "ఈ ఆకులు నమిలీది తీసీరాదా మరి?"

అది తీస్తే పేపరే లేదని ఆవిడ చెప్పింది. అతను తలూపాడు. పైడితల్లి ఊపలేదు.

"అరికాలు మండతందంటే తీసుకొచ్చినానమ్మా. అంత మజ్జిగ రాసుంటే పోను," అంది పళ్ళెంలోంచి చూపు ఎత్తకుండా.

గుండె, ఊపిరి, మింగడం ముట్టుకోకుండా వదిలేశారు. చూపు, మాట, మూత్రపిండాలు, ఆకలి వదిలేశారు. జ్ఞాపకం దగ్గర సింహాద్రి కాసేపు ఆగి, బాకీ ఉన్న జాకెట్ల కొలతలన్నీ అందులోనే ఉన్నాయని అదీ వదిలేశాడు. ఆరో నంబరు నిద్ర. దసరా బట్టల రోజుల్లో ఎలాగూ నిద్రపోనని, అలవాటేనని, దాన్ని కొట్టేయమన్నాడు. మిగిలినవి రెండు. పన్నెండు ఎడమ కాలు, పదమూడు కుడి చూపుడువేలి స్పర్శ.

"కాలు తీసీండి. ఒచ్చిందే దాని గురించి, ఒచ్చినకాడే ఒగ్గీసి పోతాను. మిషనుకి మోటారు పెట్టించీసినాను, తొక్కీ పని లేదు. ఏలు మాత్తరం ముట్టుకోకండి డాట్రమ్మా. సూది ఎక్కడున్నాదో కంటికన్నా ముందల దానికే తెలుస్తాది."

చెప్పింది చాలనట్టు దారం కొస నోట్లో తడిపి, తలెత్తి ఆవిడ మొహం చూస్తూనే సూది కన్నంలోకి ఎక్కించాడు. హైమవతి కాగితం మీద ఆరుని అడ్డంగా కొట్టేసింది, పన్నెండుని కొట్టేసింది. పదమూడు చుట్టూ ఎర్రకలంతో సున్నా చుట్టి, ఇది ముట్టుకోను అని అతనికి చూపించింది. అతను సున్నాని వేలితో తడిమి చూసుకున్నాడు. సిరా ఇంకా తడిగా ఉందన్నాడు.

గదికి చేరేసరికి నాలుగూ ఇరవై. పత్రిక వారి సైటు నెమ్మదిగా ఉంది. పాస్‌వర్డు మార్చి చాలా రోజులైంది, కొత్తది పెట్టమంది. కొత్తదానిలో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలంది. పాతదాన్ని పోలి ఉండకూడదంది. నాలుగూ నలభైకి లోపలికి రానిచ్చి, నాలుగూ నలభై మూడుకి మీరు చాలాసేపు ఖాళీగా ఉన్నారని బయటకి పంపింది. మళ్ళీ లోపలికి వచ్చేసరికి నాలుగూ యాభై. అచ్చు కాగితం కీబోర్డు పక్కన పెట్టుకుంది. ఆరు కొట్టేసి ఉంది, ఆరు తీసేసింది. పదిహేడు పదహారయ్యాయి. పన్నెండు కొట్టేసి ఉంది, పన్నెండు తీసేసింది. పదహారు పదిహేనయ్యాయి. పక్కన పచ్చటి టిక్కు పడింది. నాలుగూ యాభై ఏడుకి ఎక్కించింది. మీ సహకారానికి ధన్యవాదాలని వెంటనే జవాబొచ్చింది.

ఆ సాఫ్ట్‌వేరు సుగుణమేమిటంటే, వరసలో ఒకటి పోతే వెనకవి తమంతట తామే ఒక్కో చోటు ముందుకి జరుగుతాయి. రేషను దుకాణం ముందు ఎవరూ నేర్పకుండానే జనం జరిగినట్టు. ఆరు పోగానే ఏడు ఆరయింది, పన్నెండు పదకొండయింది, పదమూడు పన్నెండయింది. కాగితం మీది అంకెలు మాత్రం కాగితాన్ని అంటిపెట్టుకుని ఉండిపోయాయి. ఐదూ రెండు నిమిషాలకి హైమవతి మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టబోతూ తెర వంక చూసింది. పదకొండో చోట ఎడమ కాలు నిక్షేపంగా కూర్చుని ఉంది. దాని కింద చూపు. మధ్యలో ఉండాల్సిందేదో లేదు. దర్జీ ఎవడైనా రెండోసారి కత్తెర వేసేముందు గుడ్డని మళ్ళీ కొలుస్తాడు. ఆవిడ డాక్టరు.

వార్డుకి పరిగెత్తింది. సింహాద్రి ఊడిన బొత్తం కుట్టేసి, పక్కన వదులైనదాన్ని కూడా బిగించబోయినట్టుంది. కోటు మీద జేబు పక్కన పావలా అంత నెత్తుటి మరక ఉంది, అది ఇంకా పెద్దదవుతోంది. సూది వేలి కొసలో దిగబడి ఉంది. అతను ఆ వేలిని ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా ముఖానికి దగ్గరగా పట్టుకుని చూస్తున్నాడు.

"కాలు బానే ఉన్నాదమ్మా," అన్నాడు ఆవిడని చూసి.

ఆవిడ జరిగింది చెప్పింది. అంకెలు జరిగాయని చెప్పింది. పైడితల్లి సూది లాగి, చీర చెంగు చింపి వేలికి చుట్టింది. కట్టు బిగిస్తున్నప్పుడు నొప్పెడుతోందా అని అలవాటు కొద్దీ అడిగి, అడిగినందుకు తల పక్కకి తిప్పుకుంది. సింహాద్రి కోటు పాడైపోయిందని, చల్లనీళ్ళలో నానబెడితే మరక పోతుందని, వేడినీళ్ళు తగలనివ్వద్దని చెప్పాడు.

ఆ సాయంత్రమే హైమవతి పత్రికకి సవరణ కోరుతూ రాసింది. సవరణలు తప్పులున్నచోటే అంగీకరిస్తామని, పదిహేను అన్న సంఖ్య సరిగ్గానే ఉందని వారు తెలియజేశారు. సోమవారం ప్రొఫెసరు గారు మెట్లు చకచకా ఎక్కి బోర్డులో కూర్చున్నారు. పదాలు పేర్చినవారికే పదోన్నతి గనక ఆవిడకి వచ్చింది. పేపరు మూడు నెలల్లో అచ్చయింది. అందులో సింహాద్రి పేరు ఉండకూడదు కాబట్టి లేదు. యాభై రెండేళ్ళ పురుషుడు ఎడమ అరికాలి మంటతో వచ్చి, పూర్తిగా కోలుకుని తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ వెళ్ళినట్టు ఉంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

కోతలో ఏదో ఒకటి పోగొట్టుకున్నవాళ్ళ కోసం ఆసుపత్రిలో గురువారం ఓపీ నడుస్తుంది. తమ పేపరుని ఎవరైనా ఎక్కడైనా ప్రస్తావించారేమో కనుక్కోవడానికి జనం వస్తారు. సింహాద్రికి నిద్ర లేదు కాబట్టి వరసలో ఎప్పుడూ అతనే మొదటివాడు. నా గురించి ఎవులైనా సెప్పుకున్నారా అని అడిగేవాడు. ఎస్తేరు కంప్యూటర్లో చూసి సున్నా అనేది. జాకెట్ల పని పోయింది. గోనెసంచుల మూతులు, టెంటుగుడ్డల అంచులు కుట్టేవాడు, వాటికి దబ్బనం చాలు. దారం పైడితల్లి ఎక్కించి ఇచ్చేది. హైమవతి రెండుసార్లు అతని ఎదురుగా పడింది, మూడోసారి నుంచి గురువారాలు వేరే మెట్ల మీంచి వెళ్ళేది. ఈలోగా ఆవిడ విభాగానికంతటికీ ఒక ఉత్తర్వు పంపింది. రెఫరెన్సులు తొలగించునప్పుడు కింది నుంచి పైకి తొలగించవలెను. దానివల్ల ఆ ఏడాది తప్పులు బాగా తగ్గాయని ప్రొఫెసరు గారు మీటింగులో మెచ్చుకున్నారు.

మరుసటేడు పదకొండో మంచం మీదకి ఒక టిఫిన్ హోటలు సాంబారు మాస్టరు వచ్చాడు. మోచేతి మీద సెగ్గడ్డ. కేసు బాగుందని తేలింది. సెలైన్ స్టాండు తీసేశారు. పేపరు రాస్తున్న కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ నీలవేణి జాబితా పట్టుకుని హైమవతి గదికి వచ్చింది. పదహారున్నాయి, ఒకటి ఎక్కువ.

"మేడమ్, మూడోది మీ పాత పేపరు. అరికాలి మంటకీ ఈ కేసుకీ సంబంధం లేదు. అవయవం గడి కూడా ఖాళీగా ఉంది. తీసేయనా?"

హైమవతి ఆ మధ్యనే వచ్చిన కళ్ళజోడు తీసి, కోటు అంచుతో తుడుచుకుంది. జేబు పక్కన గోధుమరంగు మరక లీలగా ఉంది. చల్లనీళ్ళకి కూడా అది పూర్తిగా పోలేదు.

"అది ఉంచమ్మా," అంది. "ఇంకెక్కడైనా చూడు."

నీలవేణి ఇంకెక్కడైనా చూసింది. కింది నుంచి పైకి చూసింది, నంబరు రెండుసార్లు సరిచూసుకుంది. సాంబారు మాస్టరు నాలుక మీది రుచి పద్నాలుగో చోట ఉంది. తప్పేమీ జరగలేదు.

ఆ పేపరు అచ్చయిన గురువారం సింహాద్రి ఓపీకి వచ్చేసరికి ఎస్తేరు కంప్యూటర్లో చూసి ఒకటి అంది. అతను జేబులోంచి సూదీ దారం తీసి, కళ్ళు మూసుకుని, ఒక్క ప్రయత్నంలో ఎక్కించాడు. పైడితల్లి ఆ వేలిని పట్టుకుని గోటితో గిచ్చింది. అతను అబ్బా అన్నాడు. ఆవిడ మళ్ళీ గిచ్చింది. ఆ రోజు హైమవతి వేరే మెట్లు ఎక్కలేదు. వరస పక్కగా వచ్చి నిలబడింది.

"ఏడాదికొకసారి సెప్పాల గదమ్మా, సెప్తారా?" అనడిగాడు సింహాద్రి. ఆవిడ తలూపింది. అతను వేలిని చూసుకున్నాడు. పదిహేనుకు మించరాదన్న నియమం అతనికి ఆవిడకన్నా బాగా గుర్తుంది.

"నాకు సోటిచ్చినారు. మరి ఎవులిది తీసినారు?"

"తదితరులది," అంది హైమవతి.

అతనికి సైకిల్ స్టాండు గుర్తొచ్చినట్టుంది. ఏదో అనబోయాడు. అంతలో వేలి కొసకి దారం తగిలింది, దాని నూలు, దాని పేట, దాని మెలిక అన్నీ తెలిశాయి.

"తెలిసినోళ్ళెవులూ కాదు గదా. అయితే మరేటి లేదులెమ్మా," అన్నాడు.

అతని వెనక మోచేతికి కట్టుతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. గురువారం ఓపీకి అది అతనికి మొదటి రోజు, ఎవర్ని ఏమడగాలో తెలియడం లేదు. ఎస్తేరు అతని పేరు అడిగింది. సింహాద్రి పక్కకి తప్పుకుని, వరసలో ఒక చోటు ముందుకి జరగమని అతనికి చూపుడువేలితో చూపించాడు.